మానవ క్లోనింగ్ తప్పనే వాదన: బరువు మోస్తున్న హేతువు ఏది?

మానవ క్లోనింగ్ మీద నైతిక చర్చ ఎక్కడ జరిగినా వ్యతిరేక పక్షం వాదన ఇంచుమించు ఒకే రూపంలో వినిపిస్తుంది. క్లోనింగ్ ద్వారా పుట్టే బిడ్డ మరొకరికి నకలు. నకలుగా పుట్టినవారికి తమదంటూ వ్యక్తిత్వం ఉండదు. ఒక మనిషికి వ్యక్తిత్వం దక్కకుండా చేయడం మానవ గౌరవానికి భంగం. కాబట్టి మానవ క్లోనింగ్‌ను నిషేధించాలి. వినేవారిలో అత్యధికులు ఈ చివరి వాక్యాన్ని ముందుగానే నమ్మి ఉంటారు గనుక మొదటి మూడింటినీ నిలబెట్టి ప్రశ్నించాల్సిన అవసరం వారికి తోచదు. ఒక వాదనను పరీక్షించడానికి ఇంతకన్నా ప్రతికూలమైన పరిస్థితి ఉండదు. నిగమనం, అంటే వాదన చివర తేల్చే మాట, మనకు నచ్చినంత మాత్రాన హేతువు గట్టిపడదు. అలాగే హేతువు బలహీనమని తేలినంత మాత్రాన నిగమనం తప్పైపోదు. నా మటుకు నాకు ఈ నిగమనం, కనీసం పిల్లల్ని కనడం కోసం చేసే క్లోనింగ్ విషయంలో, సరైనదేనని అనిపిస్తుంది. అయితే దాన్ని నిలబెడుతున్నవి పై మూడు వాక్యాలు కావు. నిజంగా బరువు మోయగల హేతువు ఆ వాదనలో ఎక్కడా లేదు.

వాదనలోకి వెళ్లేముందు ప్రయోగశాలలో జరిగే పనేమిటో చూడాలి. ఒక అండాన్ని సూక్ష్మదర్శిని కింద పట్టి ఉంచి, వెంట్రుక కన్నా సన్నని గాజు గొట్టంతో దానిలోని కేంద్రక పదార్థాన్ని పీల్చివేస్తారు. అలా ఖాళీ చేసిన అండం పక్కన, మరో ప్రాణి దేహం నుంచి తీసిన మామూలు కణాన్ని చేర్చి, స్వల్పమైన విద్యుత్ ఘాతం ఇస్తే రెండూ కలిసిపోతాయి, అండం విభజన మొదలుపెడుతుంది. అంతవరకు చర్మంగానో పొదుగుగానో పనిచేస్తూ వచ్చిన కణకేంద్రకం కొద్ది గంటల్లో ఆ పని మరిచిపోయి, పూర్తి శరీరాన్ని నిర్మించే పనికి సిద్ధం కావాలి. పిండం కొంత ఎదిగాక దాన్ని మరో తల్లి గర్భంలో ప్రవేశపెడతారు. 1996 జూలై 5న స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది ఇలాగే. ఆరేళ్ల గొర్రె పొదుగు నుంచి తీసిన కణం దానికి మూలం. ఆ సంగతి 1997 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. మనిషి మీద ఎప్పుడు ప్రయోగిస్తారన్న ప్రశ్న ఆ వారంలోనే మొదలైంది.

ఇప్పుడు మొదటి వాక్యం. పుట్టే బిడ్డ నకలు అన్నప్పుడు, కేంద్రకంలోని జన్యువులు ఒకటే అన్నంతవరకు మాట నిజం. అక్కడ కూడా చిన్న మినహాయింపు ఉంది: కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలకు సొంతంగా 37 జన్యువులు ఉంటాయి, అవి అండం ఇచ్చిన స్త్రీ నుంచి వస్తాయి. అయితే రెండో వాక్యానికి వచ్చేసరికి నకలు అన్న మాట నిశ్శబ్దంగా మరో అర్థంలోకి జారిపోతుంది. అక్కడ దాని భావం జన్యుపరమైన సామ్యం కాదు, మనిషికి మనిషే పునరావృతం కావడం. మొదటి అర్థంలో నిజమైనదాన్ని ఒప్పించి, రెండో అర్థంలో నిజం కానిదాన్ని రాబట్టుకోవడాన్ని మన తర్కశాస్త్రం ఛలం అంటుంది. ఇక్కడ అది బుద్ధిపూర్వకంగా జరుగుతోందని నేను అనను. జన్యువులే మనిషి అన్న నమ్మకం సమాజంలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, ఒక అర్థం నుంచి మరో అర్థానికి దూకుతున్నామన్న స్పృహే మాట్లాడేవారికి ఉండదు.

ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి మనస్సు, స్వభావం వంటి పెద్ద విషయాల దాకా పోనక్కరలేదు, ఒక పిల్లి ఒంటిమీది రంగు చాలు. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ప్రపంచంలోనే మొదటి క్లోన్ పిల్లి పుట్టింది. దానికి సీసీ అని పేరు పెట్టారు. కణం ఇచ్చిన రెయిన్‌బో అనే పిల్లి ఒంటిమీద నారింజ రంగు మచ్చలు ఉండగా, సీసీ ఒంటిమీద ఆ రంగు జాడే లేదు. ఆడపిల్లుల్లో నారింజ, నలుపు రంగులను నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ప్రతి కణంలోనూ ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి, పిండం చిన్నదిగా ఉన్నప్పుడే, ఏదో ఒకటి యాదృచ్ఛికంగా మూతబడిపోతుంది. క్లోనింగ్‌కు వాడిన కణంలో నారింజ రంగు ఇచ్చే క్రోమోజోము మూతబడి ఉంది, ఆ మూత తిరిగి తెరుచుకోలేదు. జన్యువులన్నీ ఒకటైనా ఒంటి రంగు ఒకటి కాలేదు. ఇక తినే తిండి, గర్భంలోని పరిస్థితులు, పుట్టిన కాలం, పెంచిన మనుషులు, తగిలిన దెబ్బలు, చదివిన చదువు వీటన్నింటితో తయారయ్యే వ్యక్తిత్వం మళ్లీ అచ్చు గుద్దినట్టు వస్తుందనుకోవడానికి ఆధారం ఏముంది?

ఇక్కడ క్లోనింగ్ సమర్థకులు వెంటనే తెచ్చే దృష్టాంతం ఏకరూప కవలలు. ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టే ఈ కవలలు ఒక విధంగా ప్రకృతి చేసిన క్లోన్లే. ప్రతి వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగు ఇలాంటివి ఉంటాయి. ఆ ఇద్దరిలో ఒకరికి వ్యక్తిత్వం లేదనిగాని, ఒకరి గౌరవం మరొకరి వల్ల తగ్గిందనిగాని ఎవరూ అనరు. రెండో వాక్యాన్ని కూల్చడానికి ఈ దృష్టాంతం సరిపోతుంది. జన్యుసామ్యం ఉన్నచోట వ్యక్తిత్వం ఉండదన్నదే వ్యాప్తి, అంటే అన్నిచోట్లా వర్తించే నియమం, అయితే కవలలు దానికి తిరుగులేని భంగం. కానీ సమర్థకులు అంతటితో ఆగక, కవలల్లో తప్పు లేదు గనుక క్లోనింగ్‌లోనూ తప్పు లేదని ముగిస్తారు. ఇది అవతలివారు చేసినంత పొరపాటే. కవలలు ఒకేసారి పుడతారు, ఒకరి జీవితం ఎలా సాగుతుందో మరొకరికి ముందుగా తెలియదు, ఎవరూ వారిని ఫలానా మనిషిలా ఉండాలని ఎంచి కనలేదు. క్లోన్ బిడ్డ విషయంలో ఈ మూడూ తారుమారవుతాయి. దృష్టాంతం ఏ అంశంలో పోలుతుందో ఆ అంశం వరకే సాక్ష్యం చెప్పగలదు.

ఈ తేడా నుంచే వ్యతిరేక వాదనను మెరుగైన రూపంలో తిరిగి కట్టవచ్చు. 1970లలోనే తత్త్వవేత్త హాన్స్ యోనాస్, తనకన్నా ముందే మరొకరు జీవించిన జీవితానికి కొనసాగింపునని తెలిసి పెరగడమే క్లోన్ బిడ్డకు జరిగే అన్యాయమని వాదించాడు. ఆ తర్వాత 1980లో అమెరికన్ తత్త్వవేత్త జోయెల్ ఫైన్‌బర్గ్, క్లోనింగ్‌తో సంబంధం లేకుండా, పిల్లలకు తెరిచి ఉన్న భవిష్యత్తు మీద, అంటే పెద్దయ్యాక తమ దారి తామే ఎంచుకునే వీలు మీద, హక్కు ఉంటుందన్న భావనను ప్రతిపాదించగా, దాన్ని ఇతరులు క్లోనింగ్ చర్చలోకి తెచ్చారు. జన్యువులు మనిషిని నిర్ణయిస్తాయా లేదా అన్న ప్రశ్నతో ఈ రూపానికి పని లేదు. నిర్ణయిస్తాయని తల్లిదండ్రులు నమ్మితే చాలు. చనిపోయిన కూతురి కణం నుంచి మరో కూతురిని పొందిన దంపతులను ఊహించండి. అక్కకు లెక్కలు బాగా వచ్చేవి, చెల్లెలికి రావడం లేదు. అక్కకు పదకొండో ఏట కళ్లజోడు వచ్చింది, చెల్లెలిని పదో ఏట నుంచే కంటి పరీక్షలకు తిప్పుతున్నారు. అక్క నీళ్లంటే భయపడేది గనుక చెల్లెలిని ఈతకు పంపలేదు. ఆ పిల్ల చేసే ప్రతి పనికీ ఇంట్లో ఒక కొలబద్ద ముందే సిద్ధంగా ఉంది. ఆమెకు వ్యక్తిత్వం లేదని కాదు, పుష్కలంగా ఉంది. దాన్ని చూడడానికి ఇంట్లో ఎవరూ సిద్ధంగా లేరు.

ఈ వాదన మొదటిదానికన్నా ఎంతో గట్టిది, నన్ను అడిగితే ఇందులో కాదనలేని నిజం ఉంది. అయినా నిషేధానికి హేతువుగా దీన్ని నిలబెట్టబోతే రెండు వైపులా ఇబ్బంది వస్తుంది. పిల్లల మీద తమ ఆశలు రుద్దే తల్లిదండ్రులు క్లోనింగ్ లేకుండానే లోకమంతా ఉన్నారు. పెద్దకొడుకు పోయాక పుట్టినవాడికి అదే పేరు పెట్టి అదే పోలికలు వెతికే ఇళ్లు ఉన్నాయి. వారికి పిల్లల్ని కనే హక్కు లేదని ఎవరూ అనరు. హేతువు అవసరమైనదానికన్నా ఎక్కువ మందిని పట్టేస్తోంది కాబట్టి ఇది అతివ్యాప్తి. మరోవైపు, బీజకణాలే తయారుకాని దంపతులు, ఎవరి ప్రతిరూపమూ కోరకుండా, తమ రక్తసంబంధం ఉన్న బిడ్డ కోసం మాత్రమే ఈ పద్ధతిని అడిగితే ఈ హేతువు వారికి సరిగా వర్తించదు, అంటే అవ్యాప్తి కూడా. దీనికి వ్యతిరేకులు ఇవ్వగల చక్కని సమాధానం ఒకటి ఉంది: మామూలు తల్లిదండ్రుల్లో ఆ ఆశ అప్పుడప్పుడు తలెత్తే దోషమైతే, ఫలానా మనిషి జన్యువులే కావాలని ఎంచుకున్నవారిలో ఆ ఆశే పనికి మూలకారణం. ఈ సమాధానం విలువైనదే. కానీ తేడా ఎంత ఉంటే నిషేధించాలన్న గీత ఎక్కడ గీయాలో అది చెప్పదు.

మూడో వాక్యం గౌరవం గురించినది. 1997 నవంబరులో యునెస్కో ఆమోదించిన మానవ జన్యుసముదాయ ప్రకటన 11వ అధికరణం, మానవ గౌరవానికి విరుద్ధమైన పద్ధతులను అనుమతించరాదంటూ అందుకు ఉదాహరణగా మానవ క్లోనింగ్‌ను పేర్కొంది. ఎందుకు విరుద్ధమో ఆ అధికరణంలో లేదు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్న సూత్రాన్ని సాధారణంగా ఇక్కడికి తెస్తారు, అయితే ఆ సూత్రంలోని కేవలం అన్న మాటే కీలకం. వంశం కోసం, ముసలితనంలో తోడు కోసం పిల్లల్ని కనేవారు కూడా ఆ పిల్లలను పిల్లలుగానే ప్రేమిస్తారు. క్లోన్ బిడ్డను అలా ప్రేమించడం అసాధ్యమని ముందే తేల్చడానికి వీల్లేదు. ఈ మూడో వాక్యంలో నాకు అన్నింటికన్నా అభ్యంతరకరంగా తోచేది మరొకటి. నిషేధం ఎంత కట్టుదిట్టంగా ఉన్నా ఎక్కడో ఒకచోట అలాంటి బిడ్డ పుట్టవచ్చు. నకలుకు గౌరవం ఉండదన్న వాక్యాన్ని చట్టాల్లో, ప్రసంగాల్లో పాతికేళ్లు వల్లించిన సమాజం ఆ బిడ్డను ఏ కళ్లతో చూస్తుంది? తప్పు చేసినవారి మీద ఎక్కుపెట్టిన వాదన చివరకు ఏ తప్పూ చేయని ఒకే ఒక్క వ్యక్తికి తగులుతుంది.

సమర్థకుల పక్షంలో అన్నింటికన్నా తెలివైన వాదన ఇక్కడే పుడుతుంది. క్లోనింగ్ వల్ల బిడ్డకు హాని అంటున్నారు, కానీ క్లోనింగ్ జరగకపోతే ఆ బిడ్డే లేదు. లేకపోవడం కన్నా కొన్ని ఇబ్బందులతో ఉండడం మేలు కదా. మేలు జరిగినవారికి హాని జరిగిందనడం ఎలా కుదురుతుంది? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నవ్వడానికి పుట్టినదే అయినా, పుట్టని బిడ్డ హక్కుల మీద నడిచే ఈ చర్చలో దాన్ని సీరియస్‌గానే తీసుకోవాల్సి వస్తుంది. బ్రిటిష్ తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ఈ చిక్కును విస్తృతంగా చర్చించాడు, క్లోనింగ్ గురించి కాకుండా సాధారణ గర్భధారణ గురించే. ఒక స్త్రీ ప్రస్తుతం వాడుతున్న మందు వల్ల ఇప్పుడు గర్భం దాలిస్తే బిడ్డకు వైకల్యం వస్తుందని, మూడు నెలలు ఆగితే ఆరోగ్యవంతమైన బిడ్డ పుడుతుందని వైద్యుడు చెప్పాడనుకుందాం. ఆమె ఆగలేదు. పుట్టిన బిడ్డ, నన్నెందుకు ఇలా కన్నావని అడగడానికి తర్కపరంగా వీలులేదు, ఎందుకంటే మూడు నెలల తర్వాత పుట్టేది మరో బిడ్డ. అయినా ఆమె చేసిన పని తప్పేనని మనలో దాదాపు అందరికీ అనిపిస్తుంది.

అలా అనిపించడంలో అర్థం ఉందని ఒప్పుకుంటే సమర్థకుల వాదన కూలిపోతుంది. ఒక పని తప్పు కావడానికి, దానివల్ల ఫలానా వ్యక్తి స్థితి అంతకుముందుకన్నా దిగజారాలన్న నియమం లేదన్నమాట. తక్కువ ప్రమాదంతో చేయగల పనిని ఎక్కువ ప్రమాదంతో చేయడం కూడా తప్పు కావచ్చు. పైగా ఆ వాదన అవసరానికి మించి నిరూపిస్తుంది: బతకడం కన్నా చావు నయమనిపించేంత బాధ ఉంటే తప్ప, ఎలాంటి ప్రయోగంతో ఎలాంటి బిడ్డను పుట్టించినా ఎవరికీ హాని జరగనట్టేనని అది ఒప్పుకోవాల్సి వస్తుంది. ఇంత దూరం వెళ్లడానికి సమర్థకుల్లోనూ సిద్ధపడేవారు తక్కువ.

నిజంగా బరువు మోసే హేతువు ఈ ప్రమాదమే. విచిత్రమేమిటంటే, దీన్ని చెప్పేవారు కూడా తరచు తప్పుడు ఆధారాలతో చెబుతారు. డాలీ కోసం 276 గొర్రెపిల్లలు చనిపోయాయన్న మాట ఎన్నో వ్యాసాల్లో కనిపిస్తుంది. అండమూ కణమూ కలిసిన జంటలు 277 అన్నది నిజం. వాటిలో 29 మాత్రమే గర్భంలో పెట్టదగ్గ పిండాలుగా ఎదిగాయి, వాటిని 13 గొర్రెల్లో ప్రవేశపెడితే ఒక్క డాలీ పుట్టింది. పోయినవాటిలో అధిక భాగం కంటికి కనిపించని దశలోనే పోయాయి. అలాగే డాలీ క్లోన్ కావడం వల్లే త్వరగా ముసలిదై చనిపోయిందంటారు. 2003 ఫిబ్రవరి 14న దానికి మరణం ప్రసాదించింది ఊపిరితిత్తుల కణితి ముదిరినందుకు, ఆ కణితికి కారణం గొర్రెల్లో ఉండే ఒక వైరస్. డాలీకి మూలమైన కణజాలం నుంచే పుట్టిన మరో నాలుగు గొర్రెలు ముదిమి వయసులోనూ ఆరోగ్యంగానే ఉన్నాయని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించారు.

సరైన ఆధారం కోతుల ప్రయోగంలో ఉంది. 2018 జనవరిలో షాంఘై పరిశోధకులు ఝోంగ్ ఝోంగ్, హువా హువా అనే రెండు క్లోన్ కోతిపిల్లలను లోకానికి చూపించారు. కోతి పిండం కణాల నుంచి తయారుచేసిన 79 పిండాలను 21 ఆడకోతుల్లో ప్రవేశపెడితే ఆరు గర్భాలు నిలిచాయి, రెండు పిల్లలు బతికాయి. వార్తల్లో కనిపించింది ఇంతవరకే. అదే పరిశోధనలో పెద్ద కోతుల కణాలతోనూ ప్రయత్నించారు: 181 పిండాలు, 42 ఆడకోతులు, 22 గర్భాలు, పుట్టినవి రెండు, ఆ రెండూ పుట్టిన కొద్దికాలానికే చనిపోయాయి. మానవ క్లోనింగ్ అనగానే అందరూ ఊహించేది పెరిగి పెద్దయిన, లేదా చనిపోయిన, ఒక మనిషికి ప్రతిరూపం. అంటే మనం చూసుకోవాల్సిన లెక్క ఈ రెండోది. 22 గర్భాల్లో ఒక్కటీ నిలదొక్కుకున్న బిడ్డను ఇవ్వలేదన్న వాక్యంలో కోతికి బదులు స్త్రీని పెట్టి చదివితే వాదనకు వేరే అలంకారం అక్కరలేదు. ఇదంతా ప్రయోగం చేసేవారి నైపుణ్య లోపమూ కాదు. దేహకణంలో ఏ జన్యువులు పనిచేయాలి, ఏవి నిద్రపోవాలి అన్నది డీఎన్‌ఏ మీద రసాయన గుర్తుల రూపంలో నమోదై ఉంటుంది. ఆ గుర్తులను చెరిపే పని కొద్ది గంటల్లో అసంపూర్తిగా ముగుస్తుంది, గర్భంలో బిడ్డకు పోషణ అందించే మాయ సరిగా ఏర్పడకపోవడం దగ్గర నుంచి నవజాత మరణాల దాకా పర్యవసానాలు అక్కడినుంచే వస్తాయి.

దీనికి సమర్థకుల జవాబు తెలిసిందే: ఇది ఈనాటికి నిజం, సాంకేతికత మెరుగుపడితే మీ హేతువు ఆవిరైపోతుంది. అమెరికా అధ్యక్షుడి జీవనైతిక మండలి లియోన్ కాస్ అధ్యక్షతన 2002లో ఇచ్చిన నివేదిక దీనికి ఎదురు జవాబు చెప్పింది. మనిషిలో ఈ పద్ధతి సురక్షితమో కాదో తెలియాలంటే మనుషుల మీదే ప్రయత్నించాలి, ఆ తొలి ప్రయత్నాల్లో పుట్టే పిల్లలు తమ సమ్మతి లేకుండానే ప్రయోగ వస్తువులవుతారు, కాబట్టి భద్రత అన్నది కాలక్రమంలో తొలగిపోయే అడ్డంకి కాదు. ఈ మాటలో పస ఉంది, కానీ ఉన్నదున్నట్టుగా తీసుకుంటే ఇదీ అతివ్యాప్తే. 1978 జూలై 25న మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టినప్పుడు కూడా ఎవరూ ఆమె సమ్మతి తీసుకోలేదు, భద్రతకు హామీ లేదు. ఆ లెక్కన అదీ జరగకూడదు. నా దృష్టిలో రెండింటి మధ్య తేడా సమ్మతిలో కాక, అప్పటికి తెలిసినదానిలో ఉంది. 1978లో ప్రమాదం ఎంతో తెలియదు. క్లోనింగ్‌లో ప్రమాదం ఎక్కువని అనేక జంతుజాతుల్లో చూసి మరీ తెలుసుకున్నాం. తెలియని ప్రమాదంలోకి అడుగుపెట్టడానికీ, తెలిసిన హానిలోకి మరొకరిని నెట్టడానికీ ఒకే తీర్పు వర్తించదు. ఇలా సవరించిన హేతువు శాశ్వత నిషేధాన్ని ఇవ్వదు, కోతుల్లో ఆ లెక్క మారినప్పుడు మళ్లీ చర్చించాల్సిందే. అంత మాత్రానికి అది బలహీనమైందని నేననుకోను.

అసహ్యం వేస్తోంది గనుక తప్పు అన్న వాదన మీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు. కాస్ స్వయంగా 1997లో, మాటల్లో పెట్టలేని ఆ ఏవగింపులోనే ఒక వివేకం ఉందని రాశాడు. టెస్ట్‌ట్యూబ్ బిడ్డల మీదా ఒకప్పుడు అదే ఏవగింపు ఉండేది, ఇప్పుడు లేదు. ఏవగింపు మనల్ని ఆగి ఆలోచించమంటుందే తప్ప ఆలోచన పని తాను చేయదు. ప్రకృతి విరుద్ధమన్న అభ్యంతరానికీ ఇదే సమాధానం చాలు.

మిగిలింది జారుడుబల్ల వాదన. వైద్య పరిశోధన కోసం పిండాలను క్లోన్ చేయనిస్తే రేపు పిల్లలను క్లోన్ చేస్తారన్నది దాని సారం. ఇలాంటి వాదనలో మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎందుకు జారుతామో చూపించాలి, మెట్లు పక్కపక్కన ఉన్నాయనడం చాలదు. 2013లో అమెరికాలోని ఒరెగాన్‌లో షౌఖ్రత్ మితాలిపోవ్ బృందం క్లోన్ చేసిన మానవ పిండాల నుంచి, దేహంలోని ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలను రాబట్టింది, అంటే మొదటి మెట్టు ఎక్కడం జరిగింది. రెండో మెట్టు ఎక్కినట్టు ఈనాటికీ రుజువు లేదు. 2002 డిసెంబరులో క్లోనెయిడ్ అనే సంస్థ మానవ క్లోన్ పుట్టిందని ప్రకటించినప్పుడు, దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ప్రపంచమంతా చట్టాల గురించి మాట్లాడిందే తప్ప, ఆ సంస్థ ఏ ఆధారమూ చూపలేదు. పరిశోధన పిండాల మీద అభ్యంతరం ఉన్నవారికి ఆ అభ్యంతరానికి సొంత హేతువు ఉంది, పిండానికి ప్రాణవిలువ ఉందన్నది. అది వేరే చర్చ. పిల్లల భద్రత హేతువును దానికి అరువిస్తే రెండూ పలచబడతాయి.

ఈ రెండు చర్చలను విడదీయకపోతే ఏమవుతుందో 2005 మార్చి 8న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కనిపించింది. పిల్లల కోసం క్లోనింగ్ కూడదన్న విషయంలో సభ్యదేశాల మధ్య చెప్పుకోదగ్గ విభేదమే లేదు. అయినా పరిశోధన క్లోనింగ్‌నూ అదే వాక్యంలో కలపాలన్న పట్టుదల వల్ల, అందరినీ కట్టిపడేసే ఒప్పందం కావలసినది, ఎవరినీ కట్టని ప్రకటనగా మిగిలింది. దానికి అనుకూలంగా 84 దేశాలు, వ్యతిరేకంగా 34 దేశాలు ఓటు వేయగా, 37 తటస్థంగా ఉండిపోయాయి. మానవ గౌరవానికీ మానవ జీవిత రక్షణకూ విరుద్ధమైనంత మేరకు అన్ని రకాల మానవ క్లోనింగ్‌నూ నిషేధించాలని ఆ ప్రకటన కోరుతుంది. క్లోనింగ్ అంతా విరుద్ధమే గనుక అంతా నిషిద్ధమని ఒక దేశం దాన్ని చదువుకోవచ్చు; ఏది విరుద్ధమో అదే నిషిద్ధమని, తమ ప్రయోగశాలల్లో జరిగేది విరుద్ధం కాదని మరో దేశం చదువుకోవచ్చు. వ్యతిరేకంగా ఓటు వేసిన బ్రిటన్, తన పరిశోధన విధానం ఏమీ మారదని ఆ సందర్భంలోనే చెప్పింది.